నాచారం నుంచి లుసాకాకు బోరు పాయింటు

ఏడో తరగతి నేను రెండుసార్లు ఫెయిలయ్యాను. రెండోసారి ఫెయిలవడానికి కారణం ఆఫ్రికా. పటం గీయమంటే గీశాను. సారు ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది ఆఫ్రికానారా, నీ మొహమా?" అన్నారు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. సారు మాటలో తప్పేమీ లేదు. పైన నుదురు వెడల్పు, కింద గడ్డం సన్నం, మధ్యలో ఒక పక్క కొంచెం లోపలికి. ఆ తర్వాత నేను బడి మొహం చూడలేదు, బడి కూడా నా మొహం చూడాలని అడగలేదు.

అలాంటి నాకు ముప్పై ఎనిమిదో ఏట ఆఫ్రికా ప్రయాణం తగిలింది. ఊరి పేరు లుసాకా, జాంబియా దేశానికి రాజధాని. ఆ మాట చెప్పగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, ఉప్పల్ రింగురోడ్డు నుంచి డైరెక్టు బండి ఉందా అని. అందరూ నవ్వారు. జోకు వేశాననుకున్నారు. అందులో సగమే జోకు.

నా పని బోర్లలో మోటార్లు దించడం, తీయడం, కాలిపోతే మళ్లీ వైండింగ్ చేయడం. నాచారం నుంచి మల్లాపూర్ వెళ్లే దారిలో చిన్న రేకుల షెడ్డు ఉండేది. నేనూ నా భార్యా ఉప్పల్‌లో అద్దెకుండేవాళ్లం. ఆ రోజుల్లో కాలనీలు రాత్రికి రాత్రి మొలిచేవి, బోర్లు పగటికి పగలే ఎండిపోయేవి. కాబట్టి నాకు పని కరువు ఎప్పుడూ లేదు. నలుగురిలో నాకు పేరు మాత్రం మోటార్ల వల్ల రాలేదు, కొబ్బరికాయ వల్ల వచ్చింది.

బోరు వేసే ముందు ఎక్కడ వేయాలో చూపించడాన్ని మా దగ్గర పాయింటు పెట్టడం అంటారు. పాయింటు పెట్టే మనిషి కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని ప్లాటంతా నడుస్తాడు. నీళ్లున్న చోట అది తనంతట తాను లేచి నిలువుగా నిలబడుతుంది. ఒకసారి బోడుప్పల్‌లో బోరు బండి వచ్చి నిలబడింది, పాయింటు పెట్టేవాడు మాత్రం రాలేదు. ఊరికే నిలబడటం ఎందుకని నేను పూజకు తెచ్చిన కాయ చేతిలో పెట్టుకుని, ఆయన ఎలా నడుస్తాడో, ఎలా కళ్లు మూస్తాడో వేషం కట్టి చూపించాను. బండివాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతుండగా కాయ లేచింది. అక్కడే వేశారు. రెండించుల నీళ్లు పడ్డాయి. సాయంత్రానికి నేను స్వామినైపోయాను.

కాయ లేవలేదు. లేపాను. అరచేతిని కాస్త పల్లం చేసి, వేళ్లు వెంట్రుకవాసి పైకి ముడిచి, బొటనవేలి కండతో కాయ అడుగును నొక్కితే లేస్తుంది. పది రోజులు సాధన చేస్తే ఎవరైనా లేపొచ్చు, నేను అంతకుముందే సరదాకు ఇంట్లో చేశాను. మరి నీళ్లెలా పడేవంటే, ఉప్పల్ నుంచి చెంగిచెర్ల దాకా, ఇటు కాప్రా దాకా, ఏ గల్లీలో ఏ ఇంటి బోరు ఎన్ని ఫీట్లకు పడిందో, ఏది మే నెలలో ఎండి గాలి కొడుతుందో నాకు నోటికి వచ్చు. ఆ పైపులన్నీ దించింది నేనే కదా. ఎడమ పక్కింటి బోరు బాగా పోస్తుంటే నేను ఎడమ గోడ వెంట నడిచేవాణ్ణి, నా కాయ అక్కడే లేచేది. నా మహిమ అంతా పక్కింటి బోరు. పడని చోట, "నీళ్లున్నయి గానీ మీ జాతకంల లేవు," అనేవాణ్ణి. దానికీ తలూపేవాళ్లు.

నాచారంలో ఒక మూడంతస్తుల అపార్టుమెంటుకు నేను పెట్టిన పాయింటు ఎండాకాలమంతా పోసింది, చుట్టుపక్కల నాలుగు బిల్డింగులు ట్యాంకర్ల కోసం కొట్టుకుంటుంటే కూడా. ఆ బిల్డింగులో మూడో అంతస్తులో ఒక లెక్కల టీచరమ్మ ఉండేది. గుంటూరు వైపు మనిషి. నీళ్ల పని ఏదొచ్చినా బిల్డింగు తరఫున ఆమే పిలిచేది. ఒకరోజు మోటారు చూడటానికి పిలిచి, చూశాక పైకి రమ్మని టీ ఇచ్చి, అడిగింది:

"మెకానిక్ గారూ, మీరు విమానం ఎక్కుతారా?"

"నిచ్చెనేస్తే ఎందుకెక్క మేడం. దిగుడే జర కష్టం."

ఆమె నవ్వలేదు. ఆమె భర్త ఆరేళ్ల కింద లుసాకా వెళ్లాడు. మొదట ఒక దుకాణంలో లెక్కలు రాశాడు, తర్వాత ఊరి బయట కొంచెం భూమి తీసుకుని కూరగాయలు, కోళ్లు పెట్టాడు. రెండు బోర్లు వేయించాడు. రెండూ ఎండిపోయాయి.

"మిషన్లు పెట్టి చూసి మరీ వేశారండీ. ఇంకొక్కదానికే ఓపిక ఉందంటున్నారు. అదీ పోతే భూమి వదిలేసి, ఇన్నేళ్లూ పడ్డ కష్టమంతా వదిలేసి వచ్చేస్తారు. నీళ్లు పడితే నేనూ పాపా వెళ్తాం. ముగ్గురం ఒక ఇంట్లో ఉండి ఆరేళ్లయింది. మీరొచ్చి ఆ పాయింటు పెట్టండి."

అప్పుడే నిజం చెప్పేస్తే సరిపోయేది. లుసాకాలో నాకు పక్కింటి బోరు ఎక్కడిది? కానీ టీ కప్పు చేతిలో ఉంది, ఆమె కళ్లు నా మీద ఉన్నాయి, ఈ మాట కింద వాచ్‌మన్ దాకా పాకితే కాలనీలో నా పేరు ఎలా మోగుతుందో నా చెవులకు ముందే వినపడింది. "సూద్దాం మేడం," అన్నాను. ఆ "సూద్దాం" పట్టుకుని రెండు నెలలు ప్రయాణం పనులు నడిచాయి.

పాసుపోర్టు విచారణకు వచ్చిన పోలీసాయన, ఏం పని మీద పోతున్నావని అడిగాడు. కొబ్బరికాయ పట్టుకోవడానికి అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, నీళ్లు తాగి, మళ్లీ పెన్ను తీసుకుని "సాంకేతిక పని" అని రాసుకున్నాడు. ఉప్పల్‌లో టికెట్లు కొట్టే అన్న దారి చెప్పాడు: ముంబై, అక్కణ్ణుంచి నైరోబి, అక్కణ్ణుంచి లుసాకా. ఆ తర్వాత నా సామాను ఏమిటని అడిగి, కొబ్బరికాయ అనగానే గతుక్కుమన్నాడు.

"కొబ్బరికాయ విమానంల పోనియ్యరే."

"అన్నా, గదే నా పనిముట్టు."

"ఆడ దొరకదా?"

టీచరమ్మ భర్తను ఫోనులో అడిగితే, "ఇది సముద్రం లేని దేశమండీ. దుకాణాల్లో ఎప్పుడన్నా కనపడతాయి, ఒకటి చూసి పెడతాను. స్వెట్టర్ మాత్రం మర్చిపోకండి, మీ ఎండాకాలం ఇక్కడ చలికాలం," అన్నాడు. గొంతు మెత్తగా, కొంచెం అలిసిపోయినట్టుగా ఉండేది. ఈ స్వెట్టర్ మాట ఇంట్లో చెబితే మా ఇంటామె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఆఫ్రికాల సలేంది? నీకు ఎవడన్న ఏదన్న జెప్తే నమ్ముతవ్."

"నిజమేనే. ఆడ అంత ఉల్టా."

"గట్లయితే ఆడనన్న నువ్వు నిజం మాట్లాడుతవ్ గావచ్చు."

మా ఇంట్లో నా కాయ సంగతి తెలిసిన ఒకే మనిషి ఆమె. పది రోజుల సాధన చూసింది కూడా ఆమే.

మే నెలలో ఒక మధ్యాహ్నం టీచరమ్మ మళ్లీ పిలిచింది. భర్త భూమి పటం గీసి పంపితే, ఇంటర్నెట్ సెంటర్లో కాగితం మీద తీయించుకొచ్చింది. కంచె, గేటు, ఇల్లు, కోళ్ల షెడ్డు, ఎండిపోయిన రెండు బోర్లకు రెండు ఇంటూ గుర్తులు. మిగతాదంతా తెల్లగా. దాన్ని భోజనాల బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది. పక్కన కొబ్బరికాయ కూడా తెచ్చి పెట్టింది, పూజకు కొన్నదట.

"వెళ్లేలోపు ఒకసారి దీని మీద చూస్తారా? ఊరికేనండీ. నా తృప్తికి."

నాకు నవ్వొచ్చింది. మూడో అంతస్తులో, కింద రెండు కుటుంబాల వంటిళ్లు పెట్టుకుని, కాగితం మీద నీళ్లు వెతకడం! సరే, వేషం వేషమే కదా అని కాయ తీసుకుని అరచేతిలో పడుకోబెట్టాను. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను తిరిగి తిరిగి, తిరిగి తిరిగి ఆగింది. బయట రోడ్డు మీద ఆటోల చప్పుడు కూడా ఎవరో గొంతు నొక్కినట్టు తగ్గిపోయింది. నేను చెయ్యి కాగితం పైనుంచి గేటు దగ్గర మొదలుపెట్టి మెల్లగా జరుపుతున్నాను. ఎక్కడో ఒక చోట, చూడటానికి బాగుండే చోట, లేపుదామని లోపల లెక్క వేసుకుంటున్నాను. ఇంకా లేపలేదు. వేళ్లు ముడవలేదు. బొటనవేలు పక్కకు చాపే ఉంది.

కాయ లేచింది.

ఎలా చెప్పను? నేను లేపినప్పుడు దాని బరువు నా మణికట్టు మీద పడేది. ఈసారి బరువే లేదు. అరచేతి కిందినుంచి ఇంకెవరో తమ చెయ్యి ఆనించి పట్టుకున్నట్టు తేలికైపోయింది. కాయ మెల్లగా, నిద్రలోంచి లేచే మనిషిలా, ఒక పక్కకు ఒరిగి, నిలువుగా నిలబడి, పిలక పైకి పెట్టుకుని, తన చుట్టూ తాను సగం తిరిగి ఆగింది. లోపల నీళ్లు ఒకసారి గుళుక్కుమన్నాయి. గదిలో తడిమట్టి వాసన వచ్చింది. ఆ నెలలో హైదరాబాదులో ఒక్క చుక్క వాన లేదు.

"అక్కడేనా?" అంది టీచరమ్మ.

నేను నోరు తెరిచాను, జోకు రాలేదు. నా జన్మలో అది మొదటిసారి. ఆమె పరీక్ష పేపర్లు దిద్దే ఎర్ర పెన్నుతో, కాయ నీడ పడిన చోట చుక్క పెట్టింది. పాప జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చి, కంచె నుంచి ఎంత, ఇంటి మూల నుంచి ఎంత అని కొలిచి అంచున రాసుకుంది. కరెంటు వచ్చింది. ఫ్యాను తిరగగానే కాయ నా చేతిలోంచి దొర్లి బల్ల మీద పడింది. మామూలు కాయ. మామూలు బరువు.

మెట్లు దిగుతుంటే గోడలు సెగలు కక్కుతున్నాయి. నా కుడి అరచెయ్యి మాత్రం చల్లగా ఉంది. ఐసు పట్టుకున్న చల్లదనం కాదది, తెల్లారుజామున ఆరుబయట పెట్టిన ఇనుప గొట్టం చల్లదనం. షెడ్డుకు పోయి ఎండలో పెట్టాను, చాయ్ గ్లాసు చుట్టూ పెట్టాను. సాయంత్రం ఇంటికెళ్లి ఏమీ చెప్పకుండా మా ఇంటామె నుదుటి మీద పెట్టాను. ఆమెకు ఆ రోజు తలనొప్పి.

"అబ్బ, సల్లగుంది. ఉంచు జర," అని కళ్లు మూసుకుంది. కొంతసేపయ్యాక కళ్లు తెరిచి చెయ్యి తీసి చూసింది, ఇటు తిప్పింది, అటు తిప్పింది. "నీళ్లల్ల పెట్టినవా?"

"లే."

"మరి గింత సల్లగ ఎందుకుంది?"

నేను పకపకా నవ్వి, లుసాకాలో చలికాలం కదా అన్నాను. అన్న తర్వాత ఆ మాట నా చెవికే బాగుండలేదు.

వారం తర్వాత చెంగిచెర్లలో ఒక కొత్త ప్లాటుకు పాయింటు పెట్టడానికి వెళ్లాను. తెలిసిన గల్లీయే. కుడి పక్కింట్లో బ్రహ్మాండమైన బోరు, నేనే మోటారు దించాను. కుడి గోడ వెంట నడిచాను. వేళ్లు ముడిచాను, బొటనవేలు నొక్కాను. కాయ లేవలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. చేతిలో రాయిలా పడుకుంది. మూడు చుట్లు తిరిగాను. యజమాని చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చివరికి, ఈ రోజు తిథి బాలేదని చెప్పి బయటపడ్డాను. ఇంటికొచ్చి తలుపేసుకుని ప్రయత్నించాను. లేవలేదు. పదేళ్లు అన్నం పెట్టిన విద్య, నా చేతికి అసలు ఎప్పుడూ తెలియనట్టే ఉంది.

ఈలోగా ఎల్లో ఫీవర్ సూది పని మిగిలింది. ఆ దేశాలకు వెళ్లాలంటే ఆ సూది వేయించుకుని, పసుపు రంగు కార్డు తీసుకోవాలి. అది వేసేది నగరంలో ఒకటే సర్కారు దవాఖానాలో, వారంలో కొన్ని రోజులే. రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా నడుస్తున్న కాలం. నేను బయల్దేరిన రెండుసార్లూ బంద్ పడింది. రెండోసారి రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. "లుసాకా పోవాలె" అంటే నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టి ఇంటికి పంపారు. మూడోసారి దవాఖానాకు చేరితే, సూది మందు సీసా ఒకసారి తెరిస్తే పదిమందికి వేసేయాలి, పదిమంది వచ్చేదాకా తెరవం అన్నారు. తొమ్మిది మందిమి బెంచీ మీద కూర్చుని పదోవాడి కోసం తలుపు వైపు చూశాం. నర్సమ్మ వచ్చి వేలితో లెక్కపెట్టింది. పది అంది. సీసా తెరిచింది. నేను మళ్లీ లెక్కపెట్టాను. తొమ్మిదే. అదే చెబితే ఆమె నా వైపు, నా పక్కనున్న ఖాళీ వైపు చూసి, "లెక్కలొచ్చా నీకు?" అంది. ఏడో తరగతి ఫెయిలైన మనిషిని, ఇంకేం మాట్లాడతాను. ఎడమ భుజం చూపించాను.

చెయ్యి పని చేయడం లేదని అప్పటికి మా ఇంటామెకు చెప్పక తప్పలేదు.

"సూది వల్లనే అయితది," అంది.

"సూది ఎడమ చేతికిచ్చిన్రే. గిది కుడిచెయ్యి. సూదికి ముందునుంచే గిట్లున్నది."

ఆమె ఇంకేమీ అనకుండా దేవుడి దగ్గరి పసుపు తెచ్చి ఆ అరచేతికి రాసింది. మా ఇంటామె వాదించడం మానేసిందంటే విషయం పెద్దదని అర్థం. నాకు భయం వేసింది.

ఆ ఆదివారం టీచరమ్మ ఇంట్లో స్పీకర్ పెట్టి మాట్లాడారు. నేనూ ఉన్నాను. ఆమె రాసుకున్న కొలతలు భర్తకు చెప్పిందట, ఆయన టేపు పట్టుకుని కొలిచాడట.

"ఆ చోటు గురించి నువ్వేమన్నా చెప్పావా ఆయనకి?" అన్నాడు భర్త.

"నాకేం తెలుసని చెప్తాను? పటంలో అక్కడ ఏమీ లేదుగా," అందామె.

అవతలినుంచి ఆయన మెల్లగా చెప్పాడు. "పటంలో నేను వేయలేదు. అక్కడ పెద్ద చెదపుట్ట ఉంది. మన ఊళ్లో పుట్టల్లాంటిది కాదు, ఇంటి కప్పంత ఉంటుంది. ఎలాగూ చదును చేయిద్దామని వదిలేశాను. మీరు చెప్పిన కొలత సరిగ్గా దాని నడినెత్తిన పడింది."

పుట్ట ఉన్న చోట నీళ్లుంటాయని మా దగ్గర పాయింటు పెట్టే ప్రతివాడికీ తెలుసు. తెలియంది ఒకటే, తెల్ల కాగితంలో కనపడని పుట్టను నా చేతిలోని కాయ ఎలా చూసిందని.

"ఇంకోటండీ," అన్నాడాయన. "ఇక్కడి వాచ్‌మన్ ఆ పుట్ట దగ్గరికి పోడు. ఎందుకంటే చెప్పడు."

నేను వెళ్లి చూడాల్సిందే అనుకున్నాం. కానీ ఆ పసుపు కార్డు సూది వేసిన పది రోజులకు గానీ చెల్లదు. అంతలో లుసాకా నుంచి ఇంకో కబురు. వాళ్ల పక్క రైతుకు బోరు వేయడానికి బండి వచ్చింది, నాలుగు రోజులే ఉంటుంది, ఆ తర్వాత ఎక్కడో ఉత్తరానికి పోతే మళ్లీ వానలు వెళ్లాకే. వేస్తే ఇప్పుడు, ఆ చుక్క మీద. లేదంటే ఇంకో ఏడాది. ఇంకో ఏడాది ఆగే ఓపిక ఆయనకు లేదు.

టీచరమ్మ నన్ను పిలిచి ఒకే మాట అడిగింది. "వేయమనమంటారా?"

ఆ కుటుంబానికి మిగిలింది ఒకే బోరు. నా చుక్క తప్పైతే ఆ మనిషి ఆరేళ్ల కష్టం మట్టిలో పోతుంది, దాన్ని పోగొట్టింది నా వేషం అవుతుంది. నేను లేచి నిలబడ్డాను. కూర్చుని చెప్పే మాట కాదు.

"మేడం, ఒకటి జెప్తా, కోపం జెయ్యొద్దు. నాకు ఏ శక్తీ లేదు. కాయ నేనే లేపుత. పక్కింటోళ్ల బోర్లు యాదికుంటయి, గంతే. మీ బిల్డింగుది గూడ ఎన్కింటి బోరు సూసే పెట్టిన. నన్ను నమ్మి ఏపియ్యకున్రి."

ఆమె పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తకుండానే అంది, "తెలుసండీ."

"ఏం తెల్సు?"

"మా బిల్డింగు బోరప్పుడే చూశాను. మీ బొటనవేలు. నేను క్లాసులో రోజుకు నలభై మంది చేతులు చూస్తాను, కాపీ కొట్టే చెయ్యి నాకు తెలియదా? పిల్లవాడు కాపీ కొట్టినా వాడి పక్కవాడు తెలివైనవాడైతే జవాబు సరిగ్గానే వస్తుంది. అందుకే ఊరుకున్నాను. మిమ్మల్ని అక్కడికి పంపిస్తే అక్కడి బోర్లు కూడా నాలుగు తిరిగి చూసి పెడతారు కదా అనుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. అందరినీ ఆడిస్తున్నాననుకున్న పదేళ్లలో, ఒక మనిషి టికెట్టు లేకుండా కూర్చుని ఆటంతా చూసింది.

"మరింక నన్ను అడుగుడెందుకు మేడం?"

ఆమె పెన్ను మూత పెట్టింది. "ఆ రోజు ఈ బల్ల దగ్గర కూడా చూశానండీ. కాయ లేచిందాకా మీ బొటనవేలి మీదే ఉన్నాయి నా కళ్లు. కదల్లేదు."

నేను కుర్చీ లాక్కుని మళ్లీ కూర్చున్నాను.

"తప్పు పద్ధతిలో ఒప్పు జవాబు రాస్తే సగం మార్కులేస్తాను," అంది మెల్లగా. "ఏ పద్ధతీ లేకుండా జవాబు వస్తే ఎన్ని వేయాలో నాకు తెలియదు. అందుకే మిమ్మల్ని అడిగాను."

నేను నా చెయ్యి చూసుకున్నాను. చల్లగా ఉంది. "ఏపియ్యిన్రి," అన్నాను. ఆ మాట నేనే అన్నానని ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకు అన్నానో మాత్రం చెప్పలేను.

బోరు వేసిన రోజు నేను షెడ్డులో ఒక మోటారు విప్పి కూర్చున్నాను. లుసాకా టైము మనకంటే మూడున్నర గంటలు వెనక అని టీచరమ్మ చెప్పింది, కాబట్టి వాళ్లకు పొద్దున అయితే నాకు మధ్యాహ్నం. సుమారు మూడింటికి కుడి అరచెయ్యి ఉన్నట్టుండి వణికింది. బోరు బండి నడుస్తున్నప్పుడు పక్కన నిలబడి ఇనుప పైపు మీద చెయ్యి పెడితే ఎలా వణుకుతుందో, అలా. పానా జారి కాలి మీద పడింది. కొంతసేపటికి వణుకు ఆగింది. చేతికి చెమట పట్టిందేమో అని చూసుకున్నాను. చెమట కాదు, నీళ్లలా చల్లగా ఉంది. గుడ్డతో తుడిచి మళ్లీ పానా పట్టుకున్నాను.

నాలుగున్నరకు టీచరమ్మ ఫోను చేసింది. మొదట ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

"పడ్డాయండీ. రెండు వందల ఫీట్లు దాటగానే ఒక్కసారి ఎగజిమ్మిందట. మొదట ఎర్రగా, తర్వాత తెల్లగా. ఆయన తడిసిపోయి అక్కడే కూర్చున్నారట."

నేను ఏదో అన్నాను. సంతోషమే అన్నాను. ఆమె ఫోను పెట్టలేదు.

"మెకానిక్ గారూ, ఇది మీకు చెప్పాలో వద్దో. నీళ్లు పడ్డాక వాచ్‌మన్ వచ్చి ఆయన్ని అడిగాడట, ఆ రోజు పుట్ట మీద నిలబడ్డ మనిషి ఈరోజు రాలేదేమని. ఏ రోజు అంటే, పోయిన నెల ఒక పొద్దున అన్నాడట. పొట్టిగా, నుదురు వెడల్పుగా, గడ్డం సన్నగా. చెయ్యి చాపి, ఏదో గుండ్రటిది పట్టుకుని, కాసేపు నిలబడి పోయాడట. సర్వేవాళ్లేమో అనుకున్నాడట."

నేను వెంటనే, సర్వేవాళ్లే అయ్యుంటారు అన్నాను. ఈనాటికీ అదే అంటాను. నాలాంటి మొహం ఆఫ్రికాలో చాలామందికి ఉంటుంది. నా మొహమే ఆ ఖండం పటమైనప్పుడు మరి.

నా ప్రయాణం అవసరం లేకుండా పోయింది. పాసుపోర్టు, పసుపు కార్డు, బావమరిది దగ్గర తెచ్చిన పెట్టె, అందులో మడత విప్పని స్వెట్టర్, అన్నీ అలాగే ఉండిపోయాయి. కాలనీలో అందరికీ పోయొస్తానని చెప్పుకుని ఉన్నాను, కాబట్టి ఎదురైన ప్రతివాడూ ఎప్పుడొచ్చినవ్ అని అడగడం మొదలుపెట్టాడు. పోలేదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, నిన్ననే వచ్చినా అనేవాణ్ణి. వాచ్‌మన్ సంగతి ఇంట్లో కూడా నవ్వుతూనే చెప్పాను, టికెట్టు లేకుండా పోయొచ్చిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అని. మా ఇంటామె నవ్వలేదు.

"పోయినోడివి పోయినవ్. చెయ్యన్న తిరిగి తెచ్చుకోకపోయినవ్," అంది.

తెచ్చుకోలేదు. ఆ తర్వాత కాయ నా చేతిలో ఎప్పుడూ లేవలేదు, మోసానికి కూడా లేవలేదు. పాయింట్లు పెట్టడం మానేసి మోటార్లు మాత్రమే దించాను. ప్రతి మే నెలలో ఉప్పల్ రోడ్లు తారు కారుతుంటే, ఈ ఒక్క అరచెయ్యి మాత్రం స్వెట్టర్ అడుగుతుంది.

బడికి రాజీనామా ఇచ్చి టీచరమ్మ పాపను తీసుకుని బయల్దేరిన రోజు, పెట్టెలు కారులో పెట్టడానికి వెళ్లాను. పాప ముందు సీటు కోసం గొడవ చేస్తోంది. టీచరమ్మ మొహంలో ఆరేళ్ల అలసట ఒక్క రాత్రిలో దిగిపోయినట్టుంది. నా నోరు ఊరుకోదు కదా.

"మేడం, ఆడ వాచ్‌మన్ నా గురించి అడిగితే, ఎప్పటికన్న ఒకసారి తప్పక వస్తడని జెప్పున్రి."

ఆమె కారు తలుపు వేసుకుని, అద్దం కిందికి దించి, నా కుడిచేతి వైపు ఒకసారి చూసింది.

"మీరే చెప్పండి. నేనెంత తొందరగా బయల్దేరినా నాకంటే ముందు మీరే చేరతారుగా."